చిమ్మిలి ఉండలు

“అమ్మా, లిఫ్టు దగ్గర ఎవరో ఆవిడ మన చిమ్మిలి లాగేసుకుంటోంది!”

సంజన రొప్పుతూ వచ్చింది. నల్ల గౌను, నెత్తిన మంత్రగత్తె టోపీ, చేతిలో గుడ్డసంచి. సంచిలో ఖర్జూరాలున్నాయి. పొద్దున స్నిగ్ధ దంచి కట్టిన చిమ్మిలి పొట్లం లేదు.



అరబ్బు దేశంలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని ఆ బిల్డింగ్‌లో, పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగే హాలోవీన్‌కి చాక్లెట్లు వద్దని వాట్సాప్ గ్రూపులో పట్టుబట్టింది తనే. పోయినేడు రంగు చాక్లెట్లు తిని పిల్లల నాలుకలు నీలంగా మారాయి. మెట్లమీదా పార్కింగ్‌లోనూ ప్లాస్టిక్ కాగితాలు. ఈసారి ఇంటి తిండి పెడదాం, కాగితం పొట్లాల్లో కడదాం అంది.

“మీ ఉండలు పిల్లలు తింటారంటారా?” అని పక్క ఫ్లాటు మణి గ్రూపులోనే అడిగింది. కింద నవ్వు బొమ్మలు పెట్టారు కొందరు.

తింటారు. కిటుకు స్నిగ్ధకు తెలుసు. నువ్వులూ బెల్లమూ బాగా దంచితే గింజ కంటికి కనబడదు. చూడ్డానికి చాక్లెట్ ముద్దలా ఉంటుంది. పల్లీలు కొందరికి పడవని ఎవరో రాస్తే, పల్లీ పలుకును వంటింట్లోకే రానివ్వలేదు.

ఇప్పుడెవరో వాటిని లాక్కుంటున్నారు. రేపు గ్రూపులో ఏం రాస్తారో!

కూతుర్ని వెంటబెట్టుకుని మెట్లు దిగింది.

లిఫ్టు పక్కన వాచ్‌మన్ స్టూలు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. తలమీద చున్నీ, ఒళ్లో ఖర్జూరాల బుట్ట. పిల్లలు వరస కట్టారు. ఒక్కొక్కరినీ ఏదో అడుగుతోంది. చిమ్మిలి తీసి పక్కన పెట్టి, ఖర్జూరాలు ఇస్తోంది.

“ఎవరండీ మీరు? ఏంటిది?”

“సర్వర్ బేగం అంటరు బిడ్డా. ఇవి నువ్వే చేసినవా?”

“నేనే. ఏం, బాలేవా?”

“మంచిగున్నయ్. గందుకే భయం. పోరగాండ్లు ఆగరు.”

“భయం దేనికి? నువ్వులూ బెల్లం. మైదా లేదు, పల్లీ లేదు.”

“నువ్వులు పడనోళ్లు సుత ఉంటరు బిడ్డా.”

“నువ్వులు పడకపోవడమేంటండీ, విడ్డూరం! మా కాకినాడలో ఈడేరిన పిల్లకి బలానికని పెట్టేదే ఇది. మా అమ్మమ్మ కాలం నించీ తింటున్నాం. ఎవరికేమయింది?”

సర్వర్ బేగం తర్వాతి పిల్ల సంచిలో చెయ్యి పెట్టింది.

“మీది ఏ ఫ్లాటు?”

“ఈ బిల్డింగ్ కాదు.”

“దేవేందర్! బయటివాళ్లొచ్చి పిల్లల సంచుల్లో చేతులు పెడుతుంటే చూస్తూ నిలబడ్డావా?”

వాచ్‌మన్ దేవేందర్ కోరుట్ల వైపు మనిషి. చేతులు నలుపుకున్నాడు.

“గామె సంగతేందంటే మేడం...”

“నాకు సంగతులొద్దు. పంపిస్తావా, బిల్డింగ్ మేనేజర్‌కి ఫోన్ చేసి నీ సంగతే చెప్పనా?”

“వానికెందుకు తకలీఫ్. నేనే పోత,” అంటూ సర్వర్ బేగం లేచింది. బుట్ట స్టూలు మీద పెట్టింది. “అడిగి పెట్టు బిడ్డా,” అని తలుపు తోసుకుని వెళ్లిపోయింది.

స్నిగ్ధ పొట్లాలన్నీ తిరిగి పిల్లల సంచుల్లో వేసింది. పిల్లిచెవులు పెట్టుకున్న పిల్ల ఒకతె వెనక్కి జరిగింది. మూడో అంతస్తులో కొత్తగా దిగిన అరబ్బుల పిల్ల, రీమ్.

“చాక్లెట్ లాగే ఉంటుంది, తిను,” అని ఇంగ్లిష్‌లో చెప్పి, పొట్లం ఆ పిల్ల చేతిలో పెట్టింది స్నిగ్ధ.

రీమ్ లిఫ్టు ఎక్కింది. తలుపులు మూసుకున్నాయి.

“ఆవిడ రీమ్‌తో అరబ్బీలో మాట్లాడిందమ్మా,” అంది సంజన.

“ఏమందట?”

“ఏం తింటే నోరు దురద పెడుతుందని అడిగిందట, రీమే నాకు చెప్పింది. హమ్మస్ తింటే పెదాలు వాచిపోతాయని రీమ్ చెప్పిందట. ఆస్పత్రిలో కూడా పెట్టారట.”

అరబ్బుల శనగల పచ్చడి హమ్మస్‌లో కలిపేది నువ్వుల ముద్దే. ఆ సంగతి స్నిగ్ధకు తెలుసు.

లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లెక్కింది. చెప్పు ఒకటి ఊడిపోయింది. రెండోది తనే వదిలేసింది. ఈపాటికి కొరికే ఉంటుంది. కొరికే ఉంటుంది.

రీమ్ తలుపు ముందు నిలబడి ఉంది. పొట్లం విప్పింది. ఉండ పెదాల దాకా వచ్చింది.

స్నిగ్ధ ఆ పిల్ల చేతిమీద కొట్టింది. ఉండ నేలమీద పడి చితికింది. పిల్ల కెవ్వుమంది. తల్లి తలుపు తీసింది.

“సిమ్‌సిమ్,” అంది స్నిగ్ధ. కిరాణా కొట్లో నువ్వుల సీసా మీద చదివిన మాట.

ఆ తల్లి కూతురి నోరు తెరిచి వేలితో తడిమింది. నోట్లో ఏమీ లేదు. అప్పుడు స్నిగ్ధ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. “షుక్రన్, షుక్రన్,” అంది.

స్నిగ్ధ చెయ్యి విడిపించుకుంది. ఉత్తకాళ్లతో కిందికి పరుగెత్తింది. రోడ్డుమీద సర్వర్ బేగం లేదు.

“ఎక్కడుంటుంది దేవేందర్ ఆవిడ?”

“ఇంకెక్కడ మేడం! వీసా ఖలాస్. ఇయ్యాల్టి ఫ్లైటుకు హైద్రాబాద్ పోతున్నది. పొద్దుగాల నుంచి ఈ గల్లీల బిల్డింగ్ బిల్డింగూ తిరిగింది.”

“ఎందుకు?”

“పోయినేడు గీ పండుగకే, ఎదురు బిల్డింగ్‌ల ఒక పిలగాడు నువ్వుల లడ్డు తిని సచ్చిపోయిండు. బయటికి పొక్కనియ్యలే.”



“ఆవిడ మనవడా?”

“కాదు మేడం,” అన్నాడు దేవేందర్. “ఆ లడ్డు చేసిపెట్టింది ఆమెనే.”