పుస్తకాల మిషను తట్టిన రాత్రి

వరద నీళ్ళు యూనివర్సిటీ లైబ్రరీలోకి మోకాలి లోతున వచ్చిన మరుసటేడు, పుస్తకాలు సర్దే మిషను దిగింది. పిల్లలు తిరిగిచ్చిన పుస్తకాన్ని అది నోట్లో వేసుకుని, బెల్టు మీద నడిపించి, ఏ బుట్టలోది ఆ బుట్టలో పడేస్తుంది. చేత్తో ఒక్కొక్కటీ సర్దుకోవడమే సంబరంగా బతికిన ముసలి అటెండరుకి, తలుపులు వేయడం తప్ప పని లేకుండా పోయింది.

"ఈగలు తోలడానికి నేనెందుకమ్మా? రేపట్నుంచి రాను," అన్నాడు లైబ్రేరియనమ్మతో.

"మిషను మీద అలిగేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశా బాబాయ్," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

అందరూ వెళ్ళాక మిషను మెయిన్ స్విచ్చి కట్టేశాడు. బెల్టు ఆగింది. దీపాలార్పి గుమ్మం దాకా వచ్చాడో లేదో, వెనక టక్ టక్ మంది.

గుమ్మంలోనే ఆగిపోయాడు. అరలో పెట్టేముందు పుస్తకం అట్టని వేలి కణుపుతో రెండుసార్లు తట్టడం అతని అలవాటు. పురుగుంటే రాలుతుందని. ఇప్పుడు వినపడింది అచ్చం ఆ తట్టే. మిషను పొట్టలోంచి.

వెనక్కి వెళ్ళి, దీపం వేసి మూత తీశాడు. లోపల ఒక్క పుస్తకమూ లేదు. మూత వేసి, వేలి కణుపుతో రేకు మీద రెండుసార్లు తట్టాడు. చెవి ఆనించాడు. తర్వాత లోపల్నుంచి మెల్లగా, పసిపిల్ల తట్టినట్టు, టక్ టక్.

తెల్లారి లైబ్రేరియనమ్మ వచ్చేసరికి అతను మిషను పక్కన స్టూలు వేసుక్కూర్చుని, పొడిగుడ్డతో దాని రేకు తుడుస్తున్నాడు.

"రానన్నావుగా బాబాయ్?"

"రాత్రుళ్ళు ఇది ఒక్కతే ఉండలేకపోతోందమ్మా," అన్నాడు, తుడవడం ఆపకుండా.