జరిగిన మేకులు

కొయ్యమేకులు మళ్లీ జరిగాయి.

నిన్న సాయంత్రం తాడు పట్టి సూటిగా పాతించిన వరుస, పొద్దునకల్లా పాము నడిచినట్టు వంకర తిరిగింది. ఓవర్సీరు సంజీవరావుకి ఒళ్లు మండింది.

"ఎవడి పనిరా ఇది?"

కొలతగొలుసు పట్టే వెంకయ్య తల గోక్కున్నాడు.

"ఇంకెవురయ్యా, పాలెమోళ్లే. ఈడికి రావడం వాళ్లకి ఇష్టం లే."

ముత్తుకూరుకి తూర్పున, సముద్రానికి కాస్త ఎడంగా ఉంది ఆ మెరక. ఒకప్పుడు తెల్లదొరలు గోల్ఫ్ ఆడుకోవడానికి చదును చేయించుకున్నారు. వాళ్లు పోయి పదేళ్లు దాటినా అందరూ దాన్ని దొరల బయలనే అంటారు. దాని దిగువన, అలలు తాకే ఇసుకలో, చేపలు పట్టేవాళ్ల పాలెం.

బయలు సర్కారు చేతికొచ్చింది. చుట్టుపక్కల నేలతో కలిపి అక్కడేం కట్టాలో ప్లాను గీయమని సంజీవరావుని పంపారు.

పెద్దలు విడిది బంగళాలు కడదామన్నారు. సంజీవరావు వినలేదు. ఏటా నీళ్లలో నానే పాలేన్ని ప్లానులో మెరక మీదికి తెచ్చాడు. వీధులు గీశాడు, బావులు గీశాడు, బడి గీశాడు. పై అధికారి ఎదుట నిలబడి వాదించి ఒప్పించాడు. ఉద్యోగంలో చేరాక తాను చేసిన మొదటి మంచి పని అదేనని లోలోపల మురిసిపోయాడు కూడా.

ఎవరికోసం చేశాడో వాళ్లే దాన్ని పీకిపోస్తుంటే ఎలా ఓర్చుకుంటాడు?

మర్నాడు తెలవారకముందే సరుగుడు చెట్ల చాటున మాటు వేశాడు.

మసక వెలుతురులో ఒకడు కనిపించాడు. చంక నిండా మేకులు. చేతిలో రాయి.

"పట్టుకోరా!"

వెంకయ్య పరుగెత్తాడు గానీ ఆ అవసరం లేకపోయింది. ఆ మనిషి కదల్లేదు. మేకుల్ని పదిలంగా కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"నీ పేరేంటి?"

"పోలేరయ్య, సామీ. ఒక్కమాట... నేను..."

మాట పూర్తికాకుండానే సంజీవరావు చెయ్యి వాడి చెంప మీద పడింది.

"దొంగపని చేస్తూ మాటలొకటా? ఎవరు చేయిస్తున్నారు? ఇంకెవరెవరున్నారు? పేర్లు చెప్పు, వదిలేస్తాను."

పోలేరయ్య పాలెం వైపు ఒకసారి చూశాడు. పెదవులు బిగించుకున్నాడు.

"చెప్పలేను సామీ."

ఇక నోరు విప్పలేదు.

ఠాణాలో సబిన్‌స్పెక్టరు అడిగాడు. "రాయి మీ మీదికి ఎత్తినాడా సార్?"

ఎత్తలేదు. ఆ సంగతి సంజీవరావుకి తెలుసు.

"ఎత్తాడు," అన్నాడు.

ఆ ఒక్కమాటతో పోలేరయ్యని నెల్లూరు జైలుకి తీసుకుపోయారు.

ఇక పని సజావుగా సాగుతుందనుకున్నాడు సంజీవరావు. ఆ మర్నాడు వెళ్లి చూస్తే బయలు మీద ఒక్క మేకు నిలబడి లేదు. మళ్లీ పాతించాడు. మళ్లీ అదే గతి.

విసిగిపోయి పై అధికారి దగ్గరికి వెళ్లాడు.

"వాళ్లకే అక్కర్లేదు సార్. మనకెందుకు?"

"నేను ముందే చెప్పలా?" అని నవ్వాడాయన.

ప్లాను అటకెక్కింది. సంజీవరావుని సూళ్లూరుపేటకి మార్చారు.

అక్కడ పని చేసుకుంటున్నా ఆ 'ఎత్తాడు' అన్న మాట అన్నం ముద్దలో రాయిలా అప్పుడప్పుడూ తగిలేది. దొంగే కదా అని మనసుకి నచ్చజెప్పుకునేవాడు.

ఆ ఏడు కార్తీకంలో గాలివాన వచ్చింది. సముద్రం పాలెం మీద పడింది.

బియ్యం బస్తాల లారీ వెంట సంజీవరావునే పంపారు.

పాలెం లేదు. గుడిసెలున్న చోట నున్నటి ఇసుక.

కానీ మనుషులున్నారు. దొరల బయలు మీద, చినిగిన తెరచాపల కింద, పిల్లాపాపలతో ఉన్నారు. తాను వీధులు గీసిన చోటే.

సంజీవరావు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. బియ్యం పంచుతూ ప్రతి మగవాడి మొహం వెతికాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"పోలేరయ్య జైలు నుంచి వచ్చాడా?"

అంతా తలలు దించుకున్నారు. పేరమ్మ అనే ముసలామె ముందుకి వచ్చింది.

"నా కొడుకే సామీ. వచ్చి నెల కాలే. నీళ్లు పొంగతా ఉంటే రామని మొండికేసినోళ్లని గూడా తిట్టి, కొట్టి మెరక మీదికి తోలినాడు. నడవలేనోళ్లని ఈపున మోసినాడు. ఇంకా ఎవురో ఉండారని దిగినాడు... మళ్లీ ఎక్కి రాలే."

సంజీవరావు ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"ఇక్కడికి రావడం ఇష్టం లేకనే కదమ్మా ఆనాడు మేకులు పీకాడు? మరి తనే అందర్నీ..."

పేరమ్మ అతని మొహంలోకి వింతగా చూసింది.

"వాడు పీకేదేంది సామీ? పీకింది నేను. నా మొగుణ్ణి మింగిన సముద్రమైనా సరే, ఆ ఒడ్డు ఇడిసి రాబుద్ధి గాక పీకినా. నన్ను పట్టుకపోతారనే వాడు నోరు మెదపలే. వాణ్ణి తీసకపోయినాక కసి కొద్దీ ఒక్కటి మిగల్చకుండా పీకినా."

ఒడిలో పోసిన బియ్యాన్ని ముడివేసుకుంటూ, తనలో తాను చెప్పుకున్నట్టు అంది.

"అంతకు ముందు నేను పీకిన మేకులన్నీ ఏరుకొచ్చి, తెల్లారేలోగా మళ్లీ పాతేవాడు నా బిడ్డ."