వెనక సీటు

"ఏమండోయ్ పెద్దాయనా! కాస్త దూరం! మీ బెల్టు బకిల్ తగిలితే రంగు గీరుకుపోతుంది!"

డ్వేన్ అరుపుకు ముసలాయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

ఇండియానాలో పాత కార్ల వేలం. ఇవాళ చూడటానికే, పాట రేపు. డ్వేన్ తండ్రి ప్రాణంగా చూసుకున్న 1931 నాటి కారు అమ్మకానికి వచ్చింది. ఇల్లు అమ్మేశాక దాన్ని పెట్టుకోవడానికి డ్వేన్‌కు చోటు లేదు.

"దాన్ని కోసి రూపం మార్చేసేవాడి చేతిలో మాత్రం పెట్టకురా" అన్నది తండ్రి ఆఖరి మాట. సరేనన్నాడు డ్వేన్.

ఆ దిగులూ లేదు. నిరుడు, ముందటేడు ఇలాంటి కార్లే కళ్లు తిరిగే ధర పలికాయి; అంత పోసి కొన్నవాడెవడూ కోయడు. ఆ ధీమాతోనే ఇంతకు తగ్గితే అమ్మనని కనీస ధర కూడా పెట్టకుండా సంతకం చేసేశాడు.

కుర్రాళ్లంతా పక్కనున్న తొంభైల నాటి జపాన్ కారు చుట్టూ ఈగల్లా ముసిరారు. ఇటు వచ్చింది ఈ ముసలాయన ఒక్కడే.

"బాబూ, ఒక్కసారి వెనక సీట్లో కూర్చోనిస్తావా? మా నాన్న ఇలాంటి దాంట్లోనే మమ్మల్ని చర్చికి తీసుకెళ్లేవాడు."

"ఎక్కడికెళ్లినా ఎవరో ఒకరు ఇదే కథ! మీ కర్ర తగిలి తోలు చిరిగితే ఎవరిది పూచీ?"

"చింపను బాబూ. రెండు నిమిషాలు."

"ఊరికే చూసిపోయేవాళ్లకి కాదండీ!"

ముసలాయన టోపీ సర్దుకుని, కర్ర ఊతంతో మెల్లగా వెళ్లిపోయాడు.

మర్నాడు పాటలో ఒకే ఒక్క చెయ్యి లేచింది. పాత కార్ల కప్పు కోసి, కొత్త ఇంజన్ బిగించి అమ్ముకునే గ్యారేజీవాడిది.

"ఒకటోసారి... రెండోసారి..."

డ్వేన్ జనం వంక పిచ్చిగా చూశాడు. సుత్తి పడింది. తండ్రికిచ్చిన మాట నీటిమూట అయిపోయింది.

పాటదారుల పేర్లు రాసే నోరా దగ్గరికెళ్లాడు.

"నిరుడు అంత పలికింది కదమ్మా! ఆ పాడినవాళ్లంతా ఏమయ్యారు?"

"ఇంకెవరున్నారండీ? ఆ కార్లెక్కి పెరిగినవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఒకాయన మిగిలారు. పదకొండు కొని కొట్టంలో దాచుకున్నారు, ఒక్కదాన్నీ కోయనివ్వలేదు. ఎదుటివాడు ఎంతదాకా పాడినా చెయ్యి దించరు. నిజం చెప్పాలంటే ఈ కార్లకి ధరంటే ఆయనొక్కరే."

"మరి ఇవాళ రాలేదేం?"

"పాటకి తీసుకున్న నంబరు కార్డు నిన్నే తిరిగిచ్చి వెళ్లిపోయారు. వెనక సీట్లో రెండు నిమిషాలు కూర్చోకుండా ఆయన ఏ కారూ పాడరండీ... పాపం, నిన్న ఎవరో కూర్చోనివ్వలేదట."