సంతకం వద్దన్న మనిషి

ఆసుపత్రి పాత వార్డును పడగొడుతున్నారని విని, కుట్టుమిషను ఆపి మరీ వెళ్లింది ఆమె.

సగం గోడ కూలింది. మిగిలిన సగంలో ఆ కిటికీ ఇంకా ఉంది.

ఏళ్ల కిందట ఆ కిటికీ పక్క మంచం మీదే ఆమె భర్త రెండు కాళ్లకీ కట్లతో పడున్నాడు. సైకిలు మీద పనికెళ్తుంటే వెనకనుంచి సరుకుల వ్యాను గుద్దేసింది.

వ్యాను యజమాని గుమాస్తా వచ్చి ఓ కాగితం చేతిలో పెట్టాడు.

"రాజీ కాగితం చెల్లెమ్మా. సంతకం పెట్టి ఉంచు, రేపొస్తా. వైద్యం ఖర్చు మాది. కోర్టుకెక్కితే చెప్పులరగడం తప్ప ఏముంది?"

అతను అటు వెళ్లాడో లేదో, వరండాలో నిలబడున్న మనిషి ఒకడు లోపలికొచ్చాడు.

"పెట్టకమ్మా. చివర ఏముందో చదివావా?"

చదివింది. తప్పంతా తన భర్తదేనని ఉంది.

"దీనిమీద సంతకం పెడితే రేపు అడగడానికి నోరుండదు. పోలీసులు రాసుకున్నదానికి నకలు అడుగు. లాయరుకిచ్చే స్తోమత లేకపోతే కోర్టే ఉచితంగా లాయర్ని ఇస్తుంది. అది దయ కాదు, నీ హక్కు."

"మీరు లాయరా?"

"కాదమ్మా."

"మరి మీకెందుకంత ఆరాటం?"

అతను కట్లు కట్టిన ఆ కాళ్లకేసి చూసి, ఖాళీ కూజా తీసుకుని నీళ్లకెళ్లాడు.

కాగితం మీద మాత్రం ఆమె సంతకం పెట్టలేదు.

ఆ తర్వాత అతను రోజూ వచ్చాడు. మంచినీళ్లు పట్టుకొచ్చేవాడు. ఆమె భర్తను ఒడుపుగా లేపి కూర్చోబెట్టేవాడు.

"కాళ్లు విరిగితే విరిగాయి, నాలుక బాగానే ఉందిగా బావా! అడగాల్సింది అడుగు!" అంటే ఆమె భర్త నొప్పిలోనూ నవ్వేవాడు.

ఆమెకు మాత్రం అనుమానం తీరలేదు. లాయర్లకు కేసులు తెచ్చిపెట్టే దళారీ అయ్యుంటాడు.

"చూడన్నయ్యా," అంది ఓ సాయంత్రం, "మా కష్టం మీద బతకాలని చూడకు. ఇంక రాకు."

అతను మళ్లీ రాలేదు.

ఆమె కోర్టుకెళ్లింది. ఉచితంగా ఓ లాయరమ్మను ఇచ్చారు.

"సాక్షుల్లేరు," అందావిడ. "ఏం జరిగిందో డ్రైవరుకే తెలుసు. నోరు విప్పకుండా ఉండే హక్కు అతనికుంది. వాళ్ల లాయరు విప్పనిస్తాడా?"

వాయిదా రోజు హాలు కిక్కిరిసింది. తలుపు దగ్గరే ఇరుక్కుపోయిన ఆమెకు మాటలు మాత్రం వినిపించాయి.

"నువ్వేమీ చెప్పనక్కర్లేదు, తెలుసా?" జడ్జి డ్రైవర్ని అడుగుతున్నాడు.

"తెలుసండీ. చెప్తాను. బ్రేకులు పట్టడం లేదని యజమానికీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన తియ్యమన్నాడు, నేను బండి తీశాను. సైకిలతని తప్పు లేదు."

ఆ ఒక్క మాటతో భర్తకు పరిహారం వచ్చింది, వైద్యం సాగింది, మనిషి లేచి నడిచాడు. డ్రైవరుకు జైలు పడింది.

ఆవేళ జనాన్ని తోసుకుని ఆమె ముందుకెళ్లేసరికే పోలీసులు ఆ డ్రైవర్ని పక్క తలుపులోంచి తీసుకుపోతున్నారు. గడప దాటుతూ ఒక్కసారి వెనక్కి తిరిగాడు, ఇంక రావద్దని ఆమె పంపేసిన అన్నయ్య.