వంజరం పెద్దమ్మ

సముద్రం అడుగున రాళ్ళ మధ్య దాక్కుంటూ, వలలన్నీ తప్పించుకుని, ఒక వంజరం చేప మనిషంత పొడవు పెరిగింది. తన ఈడు చేపలన్నీ ఒక్కొక్కటే వలల్లో పోయాయి. ఒంటరిగా ఉండలేక అది తనవాళ్ళను వెతుక్కుంటూ ఒడ్డు వైపు వచ్చింది.

అక్కడ ఒక చిన్న వంజరం ఎదురైంది. మూరెడు పొడవు కూడా లేదు గానీ కడుపు నిండా గుడ్లున్నాయి.

"ఇంకా ఎదగనే లేదు, అప్పుడే తల్లివవుతున్నావేమే?" అని అడిగింది పెద్ద చేప.

"ఎదిగేదాకా ఆగినవాళ్ళు గుడ్లు పెట్టకముందే వలలో పడిపోయారు పెద్దమ్మా. మా అమ్మా, అమ్మమ్మా వల కన్నుల్లోంచి దూరిపోయేంత చిన్నవాళ్ళు కాబట్టి మిగిలారు. మాదీ వాళ్ళ పోలికే."

"మేం లక్షల గుడ్లు పెట్టేవాళ్ళం."

"నేను పెట్టేవి కొన్నే. వాటిలోనూ బతికేవి తక్కువే. అయినా ఏదో ఒకటి మిగలాలి కదా."

పెద్ద చేప పుట్టబోయే పిల్లల్ని చూసి వెళదామని అక్కడే ఉండిపోయింది.

కొన్నాళ్ళకు పిల్లలు ఈదడం మొదలుపెట్టాయి. పెద్ద చేప ముద్దుగా దగ్గరికి వెళ్ళింది. అవి సొరచేప వచ్చిందనుకుని తల్లి వెనక్కి పారిపోయాయి.

"సొర కాదర్రా, మన పెద్దమ్మ," అంది తల్లి.

"మనలో అంత పెద్దవాళ్ళు ఉండరు కదమ్మా," అన్నాయి పిల్లలు.

"ఉండేవాళ్ళు," అంది తల్లి.

ఆ మాట విని పెద్ద చేప మెల్లగా లోతు నీళ్ళ వైపు తిరిగింది.