ఏ రైలూ రాని చోటు

"మా అబ్బాయిది జర్మన్ లైను" అంది జువాంగ్ గారి భార్య, టీ కప్పు ముందుకు జరుపుతూ.

"మా అమ్మాయిది ఇంగ్లీషు లైను" అంది మియావ్ గారి భార్య, కప్పు ముట్టుకోకుండా.

పెద్ద కాలువకి ఉత్తరాన పట్టాలు వేసే హక్కు జర్మన్లకీ, దక్షిణాన ఇంగ్లీషువాళ్లకీ రాసిచ్చేసింది పెకింగ్‌లోని చైనా చక్రవర్తి దర్బారు. ఊరు సరిగ్గా మధ్యలో పడింది. ఉత్తరపు వీధివాళ్లు జర్మన్ ఇనుము గట్టిదనేవారు. దక్షిణపు వీధివాళ్లు ఇంగ్లీషు ఇంజను గొప్పదనేవారు. రైలు మాత్రం ఎవరూ చూడలేదు.

ఆ రెండు లైన్లూ ఈ ఇద్దరి పిల్లలూ ఉండే చోట్ల మీదుగానే పోతున్నాయి. కొలతలు అయిపోయాయి. గుర్తుకి మేకులు కూడా కొట్టేశారు. చలికాలం వెళ్లేలోగా ఖాళీ చెయ్యాలి. అంతకన్నా ముందే పెళ్లి చేసి, ఇద్దర్నీ ఒకచోట పెట్టాలని తల్లుల ఆరాటం.

"అబ్బాయికి అలవాట్లేమైనా..."

"ఒక్కటీ లేదు వదినగారూ. ఎదురుమాట కూడా ఎరగడు."

"మా పిల్లా అంతే. ఎవరి జోలికీ పోదు."

"జాతకాలు అతికినట్టు కుదిరాయి. ఇంకా ఏంటమ్మా మీ నసుగుడు?" అంది సంబంధం తెచ్చిన సాంగ్ పిన్ని, పుచ్చగింజలు కొరుకుతూ.

జువాంగ్ గారి భార్య గొంతు తగ్గించింది.

"మొన్న తెల్లారుజామున వచ్చి నా మంచం పక్కన నుంచున్నాడు. ఏం నాన్నా అంటే పలకడు. ఆ సుత్తి చప్పుళ్లకి నిద్ర పట్టట్లేదేమో. ఒక్కడూ ఉండలేకపోతున్నాడు వదినా."

మియావ్ గారి భార్య మొహం వాడిపోయింది.

"మాదీ వాకిట్లోకొచ్చి జుట్టు దువ్వుకుంటోంది. లోపలికి రావే అంటే రాదు."

సాంగ్ పిన్ని ఒళ్లోని పుచ్చగింజల తొక్కలు దులుపుకుంది.

"కొండ దిగువన చోటు చూశాం" అంది జువాంగ్ గారి భార్య. "ఎండ బాగా పడుతుంది. ఏ రైలూ అటు రాదట."

"రష్యావాళ్లు?"

"రారు."

"ఫ్రెంచివాళ్లు?"

"అబ్బ, వదినా!"

"జపానువాళ్ల సంగతి చెప్పలేం కదండీ" అన్నారు మూల నుంచి మియావ్ గారు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

మియావ్ గారి భార్య అప్పుడు కప్పు అందుకుంది. టీ చల్లారిపోయింది. అయినా తాగింది.

మంచి రోజు చూసి, పెళ్లి మేళగాళ్లు వాయిస్తుండగా, పాత సమాధుల్లోంచి తవ్వి తీసి ఎర్రగుడ్డ చుట్టిన రెండు శవపేటికల్నీ ఒకే గోతిలోకి దించారు.