ఫ్యాన్ల చప్పుడు

మదర్‌బోర్డు నుంచి కాలిన వాసన రాగానే ధర్మ స్విచ్ ఆపేశాడు.

అరకు సంతవీధిలో అతనిది చిన్న కంప్యూటర్ షాపు. పాత కంప్యూటరు వేడెక్కి ఆగిపోతోందని మూడు ఫ్యాన్లు కొన్నాడు. మూడింటి వైర్లూ మెలిపెట్టి మదర్‌బోర్డు మీద ఒకే సాకెట్టులో దూర్చాడు.

విశాఖలో కంప్యూటర్లు బాగుచేసే జగదీష్‌కి ఫోన్ చేశాడు.

“ఏటి సేసినావురా! అన్ని ఫ్యాన్లూ ఒక్క సాకెట్టు మోయలేదు. బోర్డు మసైపోతాది. హబ్ అని సిన్న డబ్బా పంపుతాను. దానికి కరెంటు పవర్ సప్లై నుంచి ఇయ్యి. స్పీడు సెప్పే వైరు మాత్రం బోర్డుకి తగిలించు.”

“అందాకా?”

“ఫ్యాన్లు నేరుగా పవర్ సప్లైకే ఇచ్చెయ్. ఫుల్లు స్పీడులో గోల సేత్తాయి. ఓర్సుకో.”

ఓర్చుకున్నాడు. ఆ గోలలోనే పాట వినేవాడు.

అది మన్యంలో వేటకెళ్ళే ఇటుకల పండగ పాట. చిన్నప్పుడు అమ్మ పాడేది. అమ్మతోపాటే పాటా పోయింది. ఎప్పుడో ఒక ఫాదరుగారు రికార్డు చేసిన క్యాసెట్టు చర్చి బీరువాలో దొరికింది. ఎవరిదో పడుచు గొంతు. సగం పాట కాగానే టేపు తెగిపోయి ఉంది. ఉన్నమేరకు కంప్యూటరులోకి ఎక్కించుకున్నాడు.

సంతకొచ్చిన వాళ్ళకల్లా వినిపించి, “మిగతాది తెలుసా?” అని అడిగేవాడు. ఎవరికీ తెలీదు.

నా అన్నవాళ్ళు లేని ధర్మకు ఆ సగం పాటే తోడు.

సంత రోజున ఒక ముసలామె వచ్చి కంప్యూటరు వెనక చేరేది. ఫ్యాన్లు ఊదే వేడిగాలికి చేతులు చాపి కూర్చునేది.

“ఏటి మామ్మా, ఇక్కడ కూకున్నావు?”

“ఎచ్చగుంటాది నాయనా.”

అంతకు మించి మాటల్లేవు. పేరూ అడగలేదు, పాట గురించీ అడగలేదు. చలి కాచుకోవడానికొచ్చిన మనిషిని ఏమడుగుతాం!

ఒక సంత రోజు పొద్దున్నే హబ్ వచ్చింది. జగదీష్ చెప్పినట్టే తగిలించాడు. ఫ్యాన్లు నెమ్మదించాయి, షాపంతా నిశ్శబ్దమైపోయింది. మైకులోకి చప్పుడు ఎంత పోతోందో చూద్దామని పాట పెట్టి, రికార్డింగ్ ఆన్ చేసి, టీకి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి ముసలామె కంప్యూటరుకు ఆనుకుని ఉంది. ఆమె దుప్పటి ఫ్యాన్లకు అడ్డంగా పడింది.

ధర్మకు ఒళ్ళు మండింది.

“గాలాడకపోతే మళ్ళీ కాలిపోతాది! బేగి లెగు! ఇదేటి, సలిమంటా?”

ఆమె దుప్పటి లాక్కుని సంత జనంలో కలిసిపోయింది.

రికార్డింగ్ పెట్టాడు. ఫ్యాన్ల చప్పుడు దాదాపు లేదు. క్యాసెట్టు పాట ఎప్పటిలాగే సగంలో ఆగింది.

ఆగిన చోటు నుంచి ఇంకో గొంతు అందుకుంది. సన్నగా, వణుకుతూ, చివరిదాకా పాడింది.

ధర్మ బయటికి పరుగెత్తాడు. సంతంతా గాలించాడు. ఆమె లేదు.

మళ్ళీ సంతకు కుర్చీ వేసి, దాని మీద కొత్త దుప్పటి పెట్టి, గుమ్మంలోనే నిలబడ్డాడు. సిగ్గుతో అన్నం కూడా సయించలేదు.

ఆ రోజే కొండ మీద ఊరి నుంచి చింతపండు తెచ్చిన సోములమ్మ షాపు ముందు ఆగింది.

“ఎవల కోసం సూత్తన్నావు బాబూ?”

చెప్పాడు.

“ఆయమ్మది మా ఊరే. మొన్న సలిజొరమొచ్చి పోయింది. ఒక్కర్తే ఉండీది, ఎవలూ లేరు.”

ధర్మ కుర్చీ మీది దుప్పటి చేతిలోకి తీసుకున్నాడు.

“సలి కాసుకోడానికొత్తాదనుకున్నాను...”

“సలికి ఊరినిండా మంటలే కదా బాబూ! తన పడుసు గొంతు నీ కాడ ఇనబడతందని, అది ఇనడానికే కొండ దిగీది.”